లా అయిపోయింది, ఇప్పుడు ఏ దారి? ఆడపిల్లలకు నేను చెప్పే లెక్క

ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన పది రోజుల్లో మా ఆఫీసుకు ఒకళ్లిద్దరు అమ్మాయిలైనా వస్తారు. పక్కన తల్లో, మేనమామో ఉంటారు. అమ్మాయి అడిగేది ఒకటి: "ప్రాక్టీసు పెట్టమంటారా మేడమ్, జడ్జి పరీక్షకు చదవమంటారా, కంపెనీలో చేరమంటారా?" తల్లి అడిగేది ఇంకొకటి: "పెళ్లయ్యాక కూడా చేసుకోగలిగేది ఏదండీ?" ఆ ప్రశ్న వినగానే అమ్మాయి మొహం చిట్లిస్తుంది. నాకు మాత్రం అది తీసిపారేసే ప్రశ్నలా అనిపించదు. ఇరవై రెండేళ్లుగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. నేను చేరిన ఏడాది మా బార్‌లో, అంటే వకీళ్ల సంఘంలో, చేరిన ఆడవాళ్లం తొమ్మిది మందిమి. మధ్యలో ఆగిపోకుండా ఇప్పటిదాకా నల్లకోటు వేసుకుని కోర్టు మెట్లెక్కుతున్నది ముగ్గురం. మిగతా ఆరుగురిలో తెలివి తక్కువ వాళ్లెవరూ లేరు. అందరూ ఆగిపోయింది దాదాపు ఒకే వయసులో, ఇరవై ఆరుకీ ముప్పై రెండుకీ మధ్య.

అందుకే జీతం, హోదా నేను తర్వాత చూస్తాను. ముందు చూసేది ఒక్కటే. ఈ దారిలో రెండేళ్లు ఆగాల్సి వస్తే, తిరిగొచ్చేసరికి నీ పేరు మీద ఏం మిగిలి ఉంటుంది? కింద చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో నేను చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ఏ దారైనా ముందు ఎన్‌రోల్ అవ్వండి

"పరీక్షకు చదువుకుంటాను కదా, ఎన్‌రోల్‌మెంట్ తర్వాత చూసుకుందాం" అనుకునే అమ్మాయిలు చాలామంది. ఇది పెద్ద పొరపాటు. ఎన్‌రోల్‌మెంట్ అంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో వకీలుగా పేరు నమోదు చేయించుకోవడం. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్‌కు 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదు. అంతకు ముందు వేలల్లో అయ్యేది, ఆ డబ్బు కోసం ఆగిన పిల్లలున్నారు. ఇప్పుడు ఆ సాకు లేదు. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

తొందర ఎందుకంటే, 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నియమాన్ని మళ్లీ తెచ్చింది. 2002 నుంచి కాలేజీ నుంచి నేరుగా పరీక్ష రాసే వీలుండేది. ఆ తలుపు ఇప్పుడు మూసుకుంది. మూడేళ్లను లెక్కపెట్టేది ప్రొవిజనల్ (బార్ పరీక్షకు ముందు ఇచ్చే తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి, బార్ పరీక్ష పాసైన తేదీ నుంచి కాదు. ఆరు నెలలు ఆలస్యంగా ఎన్‌రోల్ అయితే ఆరు నెలలు పోయినట్టే. ఒక నోటిఫికేషన్ చేజారిపోవడానికి ఆ ఆరు నెలలు చాలు.

ఈ నియమం మీద నాకు అభ్యంతరం ఉంది. ఇరవై మూడుకి లా పూర్తిచేసిన అమ్మాయి ఇరవై ఆరు దాకా పరీక్ష రాయలేదు. డిగ్రీ తర్వాత మూడేళ్ల లా చదివిన అమ్మాయికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. జీతం రాని మూడేళ్లు, సరిగ్గా ఇంట్లో సంబంధాలు చూసే మూడేళ్లు. కోర్టు అనుభవం లేకుండా బెంచి మీద కూర్చోకూడదన్న మాట నిజమే, కానీ ఆ అనుభవానికి కట్టే ధర అబ్బాయికీ అమ్మాయికీ ఒక్కటి కాదు. సరే, ప్రస్తుతానికి నియమం ఇదీ. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో ఏం రాశారో అక్షరం అక్షరం చూసుకోండి.

దీనివల్ల పాత ప్రశ్న మారిపోయింది. ప్రాక్టీసా, జడ్జి పరీక్షా అని రెంటిలో ఒకటి ఎంచుకునే రోజులు పోయాయి. పరీక్షకు పోవాలన్నా ముందు ప్రాక్టీసే. కాబట్టి అసలు ఎంచుకోవాల్సింది ఆ మూడేళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర గడపాలన్నది.

వకాలత్ మీద నీ పేరు

కిందటేడాది ఒకమ్మాయి వచ్చింది. వేరే ఊళ్లో ఒక సీనియర్ దగ్గర రెండున్నరేళ్లు చేసింది. రోజూ ఉదయం పదిన్నరకు కాల్ వర్క్‌లో, అంటే ఆరోజు కేసులు పిలిచేటప్పుడు, నిలబడి "సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇవ్వండి, కాసేపాగి పిలవండి" అనడం, సాయంత్రం వాయిదాలు డైరీలో రాయడం. "నువ్వు చేసిన కేసు ఒకటి చూపించమ్మా" అంటే చేతిలో ఏమీ లేదు. "నేను రాసిన కౌంటర్లు (ఎదుటి పక్షానికి ఇచ్చే జవాబులు) యాభై ఉంటాయి మేడమ్. సంతకం మాత్రం సార్‌ది" అంది. వకాలత్‌లలో, అంటే ఫలానా వకీలు నా తరఫున వాదిస్తారని క్లయింటు సంతకం పెట్టి కోర్టులో వేసే కాగితాల్లో, ఒక్కదాని మీద కూడా ఆమె పేరు లేదు.

మూడేళ్ల ప్రాక్టీసుకు పదేళ్ల అనుభవమున్న అడ్వొకేట్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని జిల్లాలోని ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. పని చేశావన్న ఆధారం కాగితం మీద లేకపోతే ఆ సర్టిఫికెట్ పూర్తిగా ఒక మనిషి దయ మీద ఆధారపడిపోతుంది. అందుకని సీనియర్ దగ్గర చేరేరోజే అడగండి: "సార్, నేను డ్రాఫ్టు చేసిన కేసుల్లో వకాలత్ మీద నా పేరు కూడా రాయవచ్చా?" మంచి సీనియర్ ఒక్క క్షణం కూడా ఆలోచించరు. ఆలోచించేవారైతే ఆ ఆఫీసు మీకు వద్దు.

ఇక డబ్బు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫార్సు మాత్రమే. నేను చూసిన ఆఫీసుల్లో ఎక్కువచోట్ల ఇప్పటికీ పెట్రోలు ఖర్చులే ఇస్తారు. ఇంట్లోవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడుకోండి, మొదటి రెండేళ్లు సంపాదన ఆశించవద్దని.

కింది కోర్టా, హైకోర్టా?

హైకోర్టులో పని కాగితాల మీద నడుస్తుంది. రిట్లు, అప్పీళ్లు, స్టేలు. సాక్షులు ఉండరు, క్లయింటు రోజూ కోర్టు వరండాలో ఉండడు. వాదనంతా ఇంగ్లిషులో. ఆన్‌లైన్‌లో హాజరయ్యే వీలుంది కాబట్టి కాన్పు తర్వాత నాలుగో నెలలోనే ఇంట్లోంచి అడ్మిషన్ మ్యాటర్ (కేసును విచారణకు తీసుకోవాలా అన్న తొలి దశ) వాదించిన స్నేహితురాలు నాకుంది. ఆగి తిరిగొచ్చే విషయంలో ఇది కింది కోర్టు కంటే మెరుగు. కానీ ఇబ్బంది ఒకటుంది. హైదరాబాదులోనో అమరావతిలోనో ఉండాలి, కేసులు పంపే జిల్లా వకీళ్లతో పరిచయాలు ఉండాలి. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆ పరిచయాలు ఎక్కడివి? ప్రభుత్వ ప్లీడర్ల పోస్టులు, స్టాండింగ్ కౌన్సిల్ (ప్రభుత్వ సంస్థల తరఫు వకీలు) పోస్టులు సర్కారు మారినప్పుడల్లా మారిపోతాయి.

కింది కోర్టులో పని మనుషులతో. అలసట ఎక్కువ. కానీ వకీలు వకీలయ్యేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం. నా మొదటి క్రాస్, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం, ప్రామిసరీ నోటు (అప్పు పత్రం) కేసులో. మాది ప్రతివాది తరఫు. సీనియర్ గారికి ఆరోజు జ్వరం. వాది ఊళ్లో పేరున్న వడ్డీ వ్యాపారి, బోనులో నిలబడి నన్ను చూసి నవ్వాడు. నేను మెల్లగా అడిగాను.

"నోటు ఎక్కడ రాశారండీ?"

"మా ఇంట్లో, అరుగు మీద."

"ఏ వేళప్పుడు?"

"దీపాలు పెట్టే వేళ."

"దస్తూరి ఎవరిది?"

"మా బావమరిదిదే. సాక్షి సంతకం కూడా వాడే పెట్టాడు."

అంతే, కూర్చున్నాను. తర్వాతి వాయిదాలో బావమరిది బోనెక్కి, నోటు పొద్దున పదకొండింటికి రైసుమిల్లులో రాశామన్నాడు. జడ్జి గారు స్టెనోకు డిక్టేషన్ ఆపి ఒకసారి తలెత్తి చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ ప్రశ్నలన్నీ తెలుగులో అడిగినవే. తెలుగు మీడియంలో చదివామని కుంగిపోయే అమ్మాయిలకు ఇది చెప్పి తీరాలి. కింది కోర్టులో మీ భాషే మీ ఆయుధం. అరుగంటే ఏమిటో, దీపాలు పెట్టే వేళ అంటే ఎప్పుడో తెలిసినవాళ్లే ఆ సాక్షిని పట్టుకోగలరు.

కింది కోర్టులో కష్టాలు దాచను. క్లయింట్లు మొదట్లో "సార్ లేరా అమ్మా?" అంటారు. స్టేషన్‌కో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకో ఒక్కదాన్నే వెళ్తే చూసే చూపు వేరు. చాలా కోర్టుల్లో మరుగుదొడ్డి సంగతి ఇప్పటికీ సిగ్గుచేటే. 2023లో సుప్రీంకోర్టు వేయించిన నివేదిక ప్రకారం జిల్లా కోర్టుల్లో ఆడవాళ్ల మరుగుదొడ్లలో శానిటరీ నాప్‌కిన్ యంత్రాలున్నవి 6.7 శాతమే. 2025 జనవరిలో అన్ని కోర్టుల్లో సరైన మరుగుదొడ్లు కట్టించాలని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. ఏ కోర్టులో ప్రాక్టీసు పెట్టాలో చూడడానికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా ఇది కూడా చూసి రండి. రోజుకు ఎనిమిది గంటలు నీళ్లు తాగకుండా గడిపి కిడ్నీలు పాడుచేసుకున్న వాళ్లను నేను ఎరుగుదును.

"ఆడవాళ్ల కేసులు" అన్న పెట్టె

ఆడ వకీలు కనిపించగానే విడాకులు, మనోవర్తి, గృహహింస కేసులు చేతిలో పెడతారు. ఇవి తక్కువ పని కాదు. రాజమండ్రిలో పుట్టి, పెద్దయ్యాక లా చదివి మద్రాసు బార్‌లో చేరిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో చైనా చూసొచ్చాక కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలని పట్టుబట్టారు. ఆ చట్టం 1984లో గానీ రాలేదు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను.

కానీ వీటికే పరిమితమైతే రెండు నష్టాలున్నాయి. ఒకటి, ఫ్యామిలీ కోర్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం పార్టీకి హక్కు కాదు, కోర్టు అనుమతితోనే. రెండు, మనోవర్తి కేసులో క్లయింటు చేతిలో డబ్బు లేకనే కోర్టుకొచ్చింది, ఆమె దగ్గర ఏం ఫీజు తీసుకుంటాం? నా సలహా ఏమిటంటే కుటుంబ కేసులతో పాటు తప్పకుండా ఆస్తి దావాలు నేర్చుకోండి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. వాటా అడగాలని మనసులో ఉన్నా అన్నదమ్ముల మీద దావా వేయడానికి జంకే ఆడవాళ్లు ఇంకా ఎందరో. వాళ్లు నోరు విప్పి మాట్లాడేది ఆడ వకీలు దగ్గరే. వాటా దావా ఏళ్ల తరబడి నడుస్తుంది, ఫీజు గౌరవంగా వస్తుంది, మధ్యలో నువ్వు మూడు నెలలు రాలేకపోయినా కేసు ఎక్కడికీ పోదు.

మోటారు ప్రమాదాల కేసులూ అంతే. సాక్ష్యం ఒక పద్ధతిలో ఉంటుంది, పరిహారం వచ్చాక ఫీజు వస్తుంది. ఆగి వచ్చిన వాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి ఇంతకంటే తేలికైన చోటు నాకు కనిపించలేదు. బెయిళ్లు, క్రిమినల్ ట్రయల్స్ దీనికి సరిగ్గా ఎదురు. రాత్రి పదకొండింటికి అరెస్టు అంటారు, పొద్దున రిమాండ్‌కు నిలబడాలి. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు ఒక్కదానివే దాన్ని మోయలేవు.

ప్రాసిక్యూటర్, లీగల్ ఎయిడ్

క్రిమినల్ లా ఇష్టమై, రాత్రుళ్లు పరుగెత్తడం కుదరదనుకుంటే ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉద్యోగం చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు నియామక మండలి పరీక్ష పెడుతుంది, క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. నెలజీతం, ప్రసూతి సెలవు ఉంటాయి, వీటన్నిటితో పాటు రోజూ కోర్టులో నిలబడే పనీ ఉంటుంది. నా దృష్టిలో ఇది ఆడపిల్లలు తక్కువగా అంచనా వేస్తున్న ఉద్యోగం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేకపోవడమే దీనితో చిక్కు. సెషన్స్ కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టు వేరు, దానికి ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి, ప్యానెల్ నుంచి ప్రభుత్వం వేస్తుంది. రెంటినీ కలిపేసుకోకండి.

2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి వచ్చింది. వకీలును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున జిల్లా న్యాయసేవాధికార సంస్థ నెల జీతమిచ్చి వకీళ్లను పెట్టుకుంటుంది. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్ల అనుభవం కావాలి. అసిస్టెంట్‌కు మూడేళ్లలోపు వాళ్లనే తీసుకుంటారు. కాంట్రాక్టు ఉద్యోగం, బయట ప్రైవేటు కేసులు చేయకూడదు, రేపటికి భరోసా లేదు. అయినా మొదటి ఏడాదిలోనే సొంతంగా క్రాస్ చేసే అవకాశం వస్తుంది. ఏ ప్రైవేటు ఆఫీసులో దొరుకుతుంది అది? నెలనెలా ఎంతో కొంత చేతికందాల్సిన ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి నేను మొదట చెప్పేది ఇదే.

జడ్జి ఉద్యోగం

ఇంట్లోవాళ్ల మనసంతా దీనిమీదే. కారణాలు ఉన్నాయి. జూనియర్ సివిల్ జడ్జి మూల వేతనం 77,840 రూపాయల దగ్గర మొదలవుతుంది. 180 రోజుల ప్రసూతి సెలవు, క్వార్టరు, గౌరవం. ఆగి తిరిగి రావడానికి దీన్ని మించింది లేదు. సెలవు ముగిసిన రోజు నీ కుర్చీ నీకే ఉంటుంది.

ఇంకో మాట. ఆడవాళ్లకు ఈ వృత్తిలో దారి దొరికింది ఎక్కువగా పరీక్ష ఉన్నచోటే. 2023 నాటి ఆ నివేదిక ప్రకారం జిల్లా న్యాయవ్యవస్థలో 36.3 శాతం ఆడవాళ్లు. అదే పరీక్ష లేని చోట చూడండి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి వచ్చింది 1978లో. తెలంగాణ హైకోర్టుకు ఒక మహిళ, జస్టిస్ హిమా కోహ్లి, ప్రధాన న్యాయమూర్తి అయింది 2021లో. 1950లో మొదలైన సుప్రీంకోర్టులో 1989లో ఫాతిమా బీవి గారితో మొదలుపెట్టి 2021 ఆగస్టు 31న ఒకేరోజు ప్రమాణం చేసిన ముగ్గురిదాకా లెక్కేస్తే 11 మంది. పేపరు దిద్దేవారికి రాసింది ఆడో మగో తెలియనిచోట మన పిల్లలు మూడో వంతు దాటారు. ఈ సంగతి ప్రతి తల్లికీ చెబుతుంటాను.

కష్టం ఎక్కడంటే, సాధారణంగా మూడేళ్లకోసారి బదిలీ ఉంటుంది. భర్త ఉద్యోగం హైదరాబాదులో, నీ పోస్టింగు ఎక్కడో మారుమూల తాలూకా కేంద్రంలో. ఒంటరితనం కూడా ఎక్కువే. ఊళ్లో ఎవరితోనూ చనువుగా మెలగకూడదు, పెళ్లికి పిలిస్తే వెళ్లాలా వద్దా అని ఆలోచించాలి. పదిమందిలో తిరగడం ఇష్టపడే అమ్మాయికి అది జైలులా అనిపించవచ్చు. పరీక్షలో సివిల్, క్రిమినల్ చట్టాలతో పాటు తెలుగు, ఇంగ్లిషు తర్జుమా ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. రోజూ ఒక డిపోజిషన్ (సాక్షి వాంగ్మూలం) పేజీ తర్జుమా చేయండి, కోర్టులో మీకవి కావలసినన్ని దొరుకుతాయి.

పరీక్ష కోసం నాలుగేళ్లు ఇల్లు కదలకుండా కూర్చోవద్దు. ఇరవై ఐదు పోస్టులకు వేలమంది రాస్తారు. ప్రాక్టీసు చేస్తూ చదివిన అమ్మాయికి పరీక్ష పోయినా ప్రాక్టీసు మిగులుతుంది.

కంపెనీ, లా ఫర్మ్

హైదరాబాదులో కాంట్రాక్టులు చూసే లీగల్ ఉద్యోగాలు బాగా పెరిగాయి. మొదటి నెల నుంచే జీతం. 2017 సవరణ తర్వాత 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు, లైంగిక వేధింపులపై 2013 చట్టం కింద అంతర్గత కమిటీ. ఇంట్లోంచి పని కూడా కుదురుతుంది. ఇల్లు గడవడానికి నీ జీతమే ఆధారమైతే రెండో ఆలోచన లేకుండా ఇదే తీసుకో.

కానీ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వ నిబంధన ప్రకారం పూర్తికాలం జీతానికి చేరితే సనదు (వకీలుగా పనిచేసే అనుమతి) సస్పెండ్ చేయించుకోవాలి. ఆ ఏళ్లు ప్రాక్టీసు కింద లెక్కకు రావు. ఐదేళ్లు కంపెనీలో మంచి పేరు తెచ్చుకుని, తర్వాత జడ్జి పరీక్ష రాద్దామనుకుంటే మూడేళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాలి. జిల్లా జడ్జి నేరుగా నియామకానికైతే దరఖాస్తు నాటికి ఏడేళ్లు తెగకుండా ఉండాలి. వకీలుగానైనా, జడ్జిగానైనా, రెండూ కలిపైనా సరే, తెగకూడదు. ప్రాసిక్యూటర్‌గా చేసిన కాలం ఆ లెక్కలోకి వస్తుంది, కంపెనీలో చేసింది రాదు. అందుకే ఏడాదికో రెండేళ్లకో సరదాగా చేసొచ్చే ఉద్యోగంగా దీన్ని చూడకండి. వెళ్తే వెళ్లండి, వెనక్కి చూడకుండా వెళ్లండి. కోర్టులకు తిరిగి రావాలన్న కోరిక మనసులో కొంచెమున్నా ముందు ఆ మూడేళ్లు పూర్తి చేసుకుని వెళ్లండి.

లా కాలేజీలో పాఠాలు చెప్పడం మాత్రం సనదుకు అడ్డం కాదు, రోజుకు మూడు గంటలు మించకపోతే. కోర్టు తగ్గించుకోవాల్సిన ఏళ్లలో ఇది మంచి ఊతం. నోటరీకి మామూలుగా పదేళ్ల ప్రాక్టీసు కావాలి, ఆడవాళ్లకు ఏడేళ్లు చాలు. ఈ వెసులుబాటు సంగతి మా బార్‌లోనే సగం మందికి తెలియదు. మీడియేటర్ కావాలంటే 40 గంటల శిక్షణ ఉంది, కాకపోతే అనుభవం వచ్చాక చేసే పని అది.

పెళ్లి, ఊరు మారడం

పెళ్లయి వేరే రాష్ట్రం వెళ్తే సనదు పోతుందని భయపడతారు. పోదు. అడ్వొకేట్స్ చట్టం 18వ సెక్షన్ కింద ఒక రాష్ట్రం రోల్ (వకీళ్ల జాబితా) నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చుకోవచ్చు, దానికి ఫీజు లేదని చట్టంలోనే రాసి ఉంది. పిల్లలు పుట్టినప్పుడు కూడా సనదు సస్పెండ్ చేయించుకోకండి. నెలకు రెండు మూడు వాయిదాలకైనా కనిపించండి, ఒక వకాలత్ అయినా వేయండి. పాత కేసు కట్టలు ఇంకెవరికో నో అబ్జెక్షన్ ఇచ్చి వదులుకోకుండా, కో-కౌన్సిల్‌గా (జంట వకీలుగా) పేరు ఉంచుకుని ఒక స్నేహితురాలికి అప్పజెప్పండి. మా తొమ్మిది మందిలో మిగిలిన ముగ్గురం చేసింది ఇదే. ఒకళ్ల కాన్పుకు మిగతా ఇద్దరం వాయిదాలు చూసుకున్నాం. ఏ చట్టమూ మాకా సెలవు ఇవ్వలేదు, మేమే ఒకరికొకరం ఇచ్చుకున్నాం.

సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు ఆడా మగా అని చూడకండి. సాయంత్రం ఆఫీసు ఎన్నింటికి మూస్తారో, అక్కడ ఇంతకుముందు చేసిన అమ్మాయిలు ఎందరో, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో అడగండి. ఒకరిద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. వేధింపు ఎదురైతే, పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దాని చిరునామా ముందే రాసి పెట్టుకోండి. అవసరం పడ్డరోజు వెతుక్కునే ఓపిక ఉండదు.

మరి ఎవరికి ఏది? పైసల అవసరం ఇవాళే ఉంటే కంపెనీ, లేదా లీగల్ ఎయిడ్. నోట్లో మాట పదునుగా ఉండి, జనంలో తిరగగలిగి, ఇంట్లో ఒక మూడేళ్లు ఓపికపట్టే వాళ్లుంటే కింది కోర్టు. చదువు మీద కూర్చోగలిగి, ఒంటరితనం భరించగలిగితే, కింది కోర్టులో ఉంటూనే జడ్జి పరీక్ష, దాంతోపాటే ప్రాసిక్యూటర్ పరీక్ష. రెండింటికీ మూడేళ్ల లెక్క ఒకటే కాబట్టి క్రిమినల్ కేసుల్లో కొన్ని వకాలత్‌లు తప్పక వేసుకోండి. ఇంగ్లిషు డ్రాఫ్టింగు బలంగా ఉండి పట్నంలో ఉండగలిగితే హైకోర్టు. ఏదీ తేల్చుకోలేకపోతే కింది కోర్టులో మొదలుపెట్టండి. అక్కడి నుంచి మిగతా అన్ని దారులకూ పోవచ్చు, ఇంకెక్కడి నుంచి అయినా అక్కడికి రావడం కష్టం.

ఆగిపోయిన ఆరుగురిలో ఒకామె కిందటి దసరా తర్వాత మా ఆఫీసుకు వచ్చింది. పన్నెండేళ్ల విరామం. సనదు మాత్రం ఎప్పుడూ సస్పెండ్ చేయించుకోలేదు. మొదటిరోజు ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టాల పుస్తకం తెరిచి సెక్షన్లు వెతుక్కుంటూ కూర్చుంది. హత్య సెక్షన్ 302 వెళ్లి 103 అయింది, అత్తింటి వేధింపుల 498ఏ వెళ్లి 85 అయింది. "చెక్ బౌన్సు ఎంతైందే?" అని అడిగింది. "అది 138, అలాగే ఉంది" అన్నాను. "హమ్మయ్య, ఒక్కటైనా నాకోసం ఆగింది" అని నవ్వింది. ఇప్పుడు ఆమె చేతిలో నాలుగు మోటారు ప్రమాదం కేసులు, ఒక వాటా దావా ఉన్నాయి. వాటా దావాలో పెద్దన్న క్రాస్ ఈ నెల 18న.